డేగిసాలో పుట్టిన పిల్ల

(‘తెల్లగుంత’ తొమ్మిదో భాగం)

ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల. ఈ మూడు ఊళ్ల మధ్య నా అబద్ధాన్ని పట్టుకున్న మనిషి ఇంతవరకు పుట్టలేదు. ఈ మాట కాలరు ఎగరేసి చెప్పగలను, కాకపోతే నా చొక్కాకు కాలరు ఊడిపోయి రెండేళ్లయింది. డెబ్బై మూడేళ్లలో ప్లీడర్లు, పోలీసులు, పెళ్లి సంబంధాలు చూసేవాళ్లు ఎంతమంది నా మాటల్లో కన్నం వెతికారో లెక్కలేదు. ఒక్కరికీ చిటికెన వేలు దూరేంత సందు దొరకలేదు. ఐదో తరగతి చదువుకే ఇంత. పదో తరగతి దాకా చదివి ఉంటే ఈ జిల్లా తట్టుకునేది కాదు.

సరే, పోయిన వారం పత్రికలో ఎక్కడ ఆపాను? వేముల అవతల తెల్లగుంతలో కప్పు కూలింది. బలపం రాయి తవ్వే గుంత అది. పెద్దవాళ్లు దూరలేని సందుల్లోకి పిల్లలను పంపి, పాత గోడలకు మిగిలిన తెల్లరాయిని గీకిస్తారు. ఆ రాయి మిల్లుకు పోయి పిండి అవుతుంది, పిండి డబ్బాల్లోకి పోయి మనం మొహానికి పూసుకునే పౌడరు అవుతుంది. ఆ గుంతలో రాయి నాణ్యం చూసి వేరుచేసే మేస్త్రీని నేను, ఆదినారాయణను. కప్పు కింద పడ్డది ఆర్షియా, మా వీధి అఖ్తర్ బీ మనవరాలు. తుంటి ఎముక విరిగి ప్రొద్దుటూరు ఆసుపత్రిలో పడి ఉంది. కార్మిక శాఖ ఆఫీసరమ్మ పావని ఆ మంచం దగ్గరికే వచ్చి, పిల్ల వయసెంత అని అడిగింది. కంట్రాక్టరు మనిషి ప్రవీణ్ సంచిలోంచి పుట్టిన తేదీ సర్టిఫికెట్ తీసి, ఇరవై అన్నాడు. దానికి కుట్టిన సాక్షి పత్రం అడుగున సంతకం చూసి నా నోరు పడిపోయింది.

ఆ సంతకం ఎవరిదో చెప్పకుండా ఆపేశాను. అప్పటినుంచి మా టీకొట్టువాడు నాకు సగం గ్లాసే పోస్తున్నాడు, పేరు చెబితే నింపుతానంటాడు. ఇక నింపరా నాయనా.

ఆ సంతకం నాది.

ఆడవాళ్ల వార్డు. ఆరు మంచాలు. ఉదయం పదిన్నర. కిటికీ పక్క మంచం ఆర్షియాది. నడుము నుంచి కుడి మడమ దాకా కట్టు. పక్క మంచం మీద ఒక కొత్త తల్లి, చంటిబిడ్డకు స్నానం చేయించి పౌడరు అద్దుతోంది. నేల మీద గోడకానుకుని అఖ్తర్ బీ తస్బీ పూసలు తిప్పుకుంటోంది.

“మేడం, నేను చదువుతా, మీరు వినండి” అన్నాడు ప్రవీణ్. ఇస్త్రీ చొక్కా, నున్నటి మొహం, మర్యాద తెలిసిన కుర్రాడు. నన్ను మామా అంటాడు. “ఇందులో నా మాట ఒక్కటి కూడా ల్యా. అంతా మా మామ చెప్పిందే. ప్రమాణం చేసి చెప్పింది.”

గొంతు సవరించుకుని మొదలుపెట్టాడు.

“‘జమ్మలమడుగునకు ఎదురుగట్టున గల గ్రామమందు నివసించుచున్న సకీనా అను నిండు గర్భిణికి నొప్పులు వచ్చిన దినమున పెన్నా నది ఒడ్లు దాటి పారుచుండెను. పడవ లేదు. పుట్టి లేదు. అంతట నేను పెండ్లి ఇంటిలో బిర్యానీ వండెడు పెద్ద డేగిసాను తెచ్చి, సదరు సకీనాను అందు కూర్చుండబెట్టి, ఈదుచు, తోయుచు, నది నడుమకు పోయితిని...’”

వార్డులో నవ్వులు మొదలయ్యాయి. మూడో మంచం ముసలమ్మ మోచేతి మీద లేచింది. “డేగిసాలోనా! మూత కూడా పెట్టినావా సామీ?”

“దమ్ము కావాలంటే పెట్టాల గదమ్మా” అన్నాను. అలవాటు. నోరు దాని పని అది చేసుకుపోతుంది.

ప్రవీణ్ ముందుకు పోయాడు. “‘నది నడుమకు పోగా సదరు సకీనా సదరు డేగిసా యందే ఆడ శిశువును ప్రసవించినది...’”

“ఒక ముక్క ఇడిసిపెట్టినావన్నా” అంది మంచం మీది పిల్ల.

అందరూ అటు తిరిగారు. అప్పుడు చూశాను, ఆమె పెదవులు అతనితో పాటే కదులుతున్నాయి. ఆ పత్రం మొత్తం ఆమెకు కంఠతా వచ్చు.

“‘సుడిలో చిక్కి డేగిసా మూడుసార్లు తిరిగెను’ అని ఉండాల ఆడ. సరిగ్గా చూడు.”

ప్రవీణ్ వేలు పెట్టి చూశాడు. “ఉంది మేడం. నిజంగానే ఉంది.”

“దాని తర్వాతది నేను చెప్తా.” ఆర్షియా దిండు మీద తల కొంచెం ఎత్తింది. “‘శిశువును చూచి సదరు తల్లి నవ్వి, ఎంత తొందరే నీకు అని పలికెను.’ ఇంగ అంతే. కింద తాత సంతకం. దాని పక్కన గుండ్రంగా ముద్ర.” పావని వైపు చూసి గొంతు తగ్గించింది, ఏదో నగ చూపిస్తున్నట్టు. “సర్కారు కాగితంలో ఉండాది మేడం, మా అమ్మ నవ్వు.”

అఖ్తర్ బీ కూతురు సకీనా ఈ బిడ్డను కన్న రోజే పోయింది. తండ్రి అంతకు ముందే గల్ఫుకు పోయి మళ్లీ కబురు లేదు. ఇంట్లో ఒక ఫోటో కూడా లేదు. ఈ పిల్లకు తల్లి అంటే ఆ ఒక్క వాక్యమే.

పావని కలం మూసింది. గుంటూరు వైపు పిల్ల, ముప్పై ఏళ్లుండవు. మా మాట ఆమెకు తిట్టినట్టు వినబడుతుందట.

“తాతగారూ, ఈ అమ్మాయిని చూస్తే ఎంత వయసో ఎవరికైనా తెలుస్తుంది. కానీ నేను కళ్లతో చూసింది ఫైల్లో పెట్టడానికి లేదండీ. బడిలో పేరుంటే అది చూసేదాన్ని. లేదు. సర్టిఫికెట్ ఉన్నంతవరకు ఎముకల పరీక్షకు పంపించే వీలు కూడా లేదు. ఇరవై ఏళ్ల కూలీ అయితే, తన అజాగ్రత్త వల్ల జరిగిన ప్రమాదం అని వీళ్లు రాసుకుంటారు. సోమవారం గుంత తెరుస్తారు. చిన్నపిల్ల అయితే ఈరోజే సీలు వేయిస్తాను.” పిల్ల వైపు వంగింది. “గుంతలో ఇంకా ఎంతమంది పని చేస్తున్నారమ్మా, నీలాంటి వాళ్లు?”

“ఏడు మంది.” ఆర్షియా తడుముకోలేదు. “అన్సర్ పెద్దోడు. రిజ్వాన్ అందర్లోకి శిన్నోడు మేడం. వానికి చీకటంటే శానా భయం. నేను ముందర పాట పాడతా పోతేనే ఎనకాల వస్తాడు. ఇంగ ఎవరు పాడతారో.”

ప్రవీణ్ కిటికీలోంచి బయటికి చూశాడు.

ఆ కాగితం ఎలా పుట్టిందో మీకు చెప్పాలి. రెండేళ్ల కిందట ఎవరో పైనుంచి తనిఖీకి వస్తున్నారని గుంతలో ఒక కొత్త పద్ధతి పెట్టారు. పద్దెనిమిదేళ్లని కాగితం ఉన్నవాళ్లు పైన షెడ్డులో కూర్చుని రాయి ఏరాలి. కాగితం లేనివాళ్ల పేర్లు ఎక్కడా ఉండవు, వాళ్లు కిందికి పోవాలి. ఆర్షియాకు అప్పుడు పదకొండేళ్లు, మూడు నెలలుగా కిందనే ఉంది. దగ్గితే తెల్లటి తెమడ పడేది. అఖ్తర్ బీ నా చేతులు పట్టుకుంది. “ఒక కాగితం పుట్టించు అన్నా. నీ నోటికి ఏం లోటు? బిడ్డ పైకి వస్తాది” అంది.

పోయాను. ఒక మండలాఫీసు, ఏ మండలమో అడక్కండి. అక్కడి గుమాస్తా ముందు కూర్చుని, డేగిసా కథ ఎత్తుకున్నాను. వయసు సరిపోవాలి కాబట్టి, పద్దెనిమిదేళ్ల కిందట పెన్నకు నీళ్లొచ్చిన ఏడాది చూసి పిల్లను అందులో పుట్టించాను. గుమాస్తా టీ చల్లారిపోయింది. పక్క గదిలోంచి ఇద్దరు వచ్చి నిలబడ్డారు. సుడి దగ్గర ఒకాయన కుర్చీ చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు. తల్లి నవ్విన చోట గుమాస్తా కళ్లు తుడుచుకున్నాడు. పిల్లను ఒకసారి తీసుకురా అని కూడా అడగలేదు. అఖ్తర్ బీ వేలిముద్ర వేసింది, నేను సంతకం పెట్టాను, పని అయిపోయింది. తిరుగు బస్సులో, నా అంతవాడు లేడని నవ్వుకుంటూ వచ్చాను.

నిజంగానే పైకి వచ్చింది. ఇరవై రెండు రోజులు. షెడ్డు నీడలో, గాలిలో కూర్చుని రాయి ఏరింది. దగ్గు తగ్గింది. మధ్యాహ్నం అన్నాల పూట నేను నాపబండ మీద బలపం రాయి ముక్కతో అక్షరాలు దిద్దించేవాణ్ణి.

ఇరవై మూడో రోజు కంట్రాక్టరు వాళ్లకు ఒక ఆలోచన తట్టింది. కాగితం లేని పిల్లలను ఎవరైనా వస్తే దాచాలి. కాగితం ఉన్న పిల్లను దాచే పనే లేదు. పైగా ఒళ్లు చిన్నది, ఏ సందులోనైనా దూరుతుంది. ఇంత మంచి కూలీని పైన కూర్చోబెట్టడం ఎందుకు?

బిడ్డను పైకి తెస్తుందనుకున్న కాగితమే పట్టుకుని కిందికి దించింది. ఆ తర్వాత రెండేళ్లు, ఆమె గీకి పంపిన రాయిని నేను పైన చేతిలోకి తీసుకుని, గోటితో గీరి, ఒకటో రకం, రెండో రకం అని వేరుచేస్తూ కూర్చున్నాను.

ఇక్కడ మొదట కొట్టిన గొప్ప ఒకటుంది చూడండి, దాన్ని కొట్టేయండి. నా అబద్ధాన్ని పట్టుకున్నవాడు పుట్టలేదన్నాను. వాడు పుట్టకపోవచ్చు, ఈ పిల్ల పుట్టింది. ఒకసారి అక్షరాల మధ్యలో, నా వయసు కాలంలో ఎనిమిది మణుగుల బండను పులివెందులలో నెత్తికెత్తుకుని జమ్మలమడుగు దాకా కింద పెట్టకుండా మోసుకొచ్చానని చెప్పాను. ఆమె బలపం పక్కన పెట్టి, బాగా ఆలోచించి, “మద్దెలో ఒంటేలుకు పోలేదా తాతా?” అంది. షెడ్డంతా పడి పడి నవ్వారు. చిరుతపులికి నేను జ్వరం మాత్ర వేసిన కథను నాలుగు ప్రశ్నల్లో కూల్చింది. మబ్బును తాడుతో కట్టి మైలవరం డ్యాము మీదికి లాక్కొచ్చిన కథను రెండు ప్రశ్నల్లో. లెక్క పెడితే తొమ్మిది సార్లు దొరికిపోయాను.

డేగిసా కథ మీద మాత్రం ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. అది ఆమె పట్టుకోలేక కాదు.

“చెప్పండి తాతగారూ” అంది పావని. “ఈ పత్రంలో ఉన్నది నిజమేనా?”

నేను నోరు తెరిచేలోపు ప్రవీణ్ నా భుజం మీద చెయ్యి వేశాడు. “మామా, తొందరపడాకు. నిజమంటే సరే. కాదంటే, సర్కారుకు తప్పుడు సాక్ష్యం చెప్పినట్టు. దానికి ఎన్నేండ్లు ఏస్తారో తెలుసునా?”

“ఎన్నేండ్లప్పా?”

“ఏడు దాకా.”

“నాకు డెబ్బై మూడు. ఏడేండ్లు ఏస్తే మద్దెలోనే సచ్చిపోతా. మిగిలింది నువ్వు పోయి కూర్చుంటావా?”

ముసలమ్మ కిసుక్కున నవ్వింది. ఆర్షియా కూడా నవ్వింది. ఏడేళ్లకు నేను భయపడలేదు. ఇప్పుడు నేను తీసేయబోయే కథ ఎవరిదో ఆ మంచం మీద నా ఎదురుగా కనబడుతోంది.

పక్క మంచం తల్లి పౌడరు డబ్బా మూత పెట్టి గట్టు మీద ఉంచింది. ఆర్షియా దాన్నే చూస్తూ, “అది మన రాయే కదా తాతా?” అంది. తల పక్కకు వంచి, డబ్బా మీది సన్న అక్షరాలను కూడబలుక్కుని చదివింది. “మీ... పాపాయి... లేత... చర్మం కోసం.” చదవగలిగానన్నట్టు నా వైపు చూసింది. ఆమె అరచేతుల చర్మం పగిలి, ఆ పగుళ్లలో తెల్లటి పొడి ఇంకా పోలేదు. నర్సులు ఎన్నిసార్లు కడిగినా పోలేదట.

సోమవారం గుంత తెరుస్తారు. చీకట్లో రిజ్వాన్ ఉంటాడు.

“మేడం” అన్నాను. “ఆ కాగితంలో ఉండేది నేను అల్లింది.”

ప్రవీణ్ చెయ్యి నా భుజం మీది నుంచి జారింది.

“పెన్నలో ఆ పొద్దు నీళ్లు ల్యా. ఇసుక. ఇసుకలో ట్రాక్టర్లు పోయిన గాడులు. ఎండాకాలం, నెత్తి మాడిపోతాంది. రెండేండ్ల కిందట ఈ బిడ్డకు పద్దెనిమిది అని రాయించినా, అప్పుడు పదకొండు. ఇప్పుడు పద్మూడు. ఏటి అవతల నుంచి సకీనాను నేనే ఆటోలో ఎక్కించుకోని వచ్చినా. మా ఊరి సబ్ సెంటర్‌లో కాన్పయింది. వరద ల్యా. ఈదింది ల్యా. నాకు ఈతే రాదు మేడం.”

ఎవరూ నవ్వలేదు.

“డేగిసా?” అంది ఆర్షియా.

“లేదు పాపా.”

“సుడి?”

“లేదు.”

“మూడుసార్లు తిరగల్యా?”

“ఆటో చక్రం ఇసుకలో కూరుకపోయి తిరిగింది. అంతే.”

ఆమె పైకప్పు వైపు చూసింది. ఫ్యాను తిరుగుతోంది, దాన్ని చూస్తూ నెమ్మదిగా, ఎవరితోనో కాదు, తనతో తాను చెప్పుకున్నట్టు అంది. “గుంతలో నన్ను అందరూ డేగిసా అంటారు. సందు ఎంత సన్నగ ఉన్నా నేనే ముందు పోతాంటి. అంత వరదలోనే సావల్యా, ఈ రాయి ఏం చేస్తాదిలే అనుకుంటాంటి.”

నేను కూర్చోవడానికి స్టూలు వెతుక్కున్నాను. స్టూలు లేదు. అఖ్తర్ బీ పక్కన నేల మీదే కూలబడ్డాను. నా అబద్ధం ఆ బిడ్డను కాగితంలోనే కాదు, ఆ సందులో కూడా ముందుకు తోసిందని నాకు అప్పటిదాకా తెలియదు.

“చెప్పేసినావు అన్నా” అంది అఖ్తర్ బీ. కొంగుతో మొహం తుడుచుకుంది. “ఏలిముద్ర నేనూ ఏసినా మేడం. రాసుకో. ఈయప్ప ఒక్కడే కాదు. అల్లా ముందర కూడా ఇదే చెప్తా.”

“కాన్పు రోజు మీరు అక్కడ ఉన్నారా అవ్వా?”

“యాడుండాది మేడం! కువైట్‌లో ఉంటి, ఒగరింట్లో పనికి. నా బిడ్డ పోయిన పదకొండు రోజులకు వచ్చినా. మన్ను కూడా ఆరిపోయింది.”

పావని కొత్త కాగితం తీసింది. నేను చెప్పినదంతా తన మాటల్లో రాసి, నాకు చదివి వినిపించింది. తర్వాత కలం నా చేతికివ్వకుండా తన దగ్గరే పట్టుకుంది.

“తాతగారూ, ఇది ప్రమాణం మీద ఇస్తున్న వాంగ్మూలం. అల్లినది ఇంకేదైనా ఉంటే ఇప్పుడే చెప్పేయండి. సంతకం అయ్యాక మార్చడానికి కుదరదు.”

“బాగా గుర్తు చేసుకో మామా” అన్నాడు ప్రవీణ్. ఇప్పుడు గొంతులో మర్యాద పలచబడింది. “నువ్వు ఈ జిల్లాలో అందరికీ తెలిసిన మనిషివి. ఇందులో ఒక్క మాట, ఒక్కటంటే ఒక్కటి, తప్పని తేలిందా, మొత్తం కొట్టేయిస్తా. నీ పాత కాగితమే నిలబడతాది.”

“ఇంగేం లేదప్పా” అన్నాను.

“తాతా.”

ఆర్షియా మొహం నా వైపు తిప్పుకుంది. కళ్లలో నీళ్లు లేవు. అది నాకు మరింత కష్టంగా ఉంది.

“మా అమ్మ నవ్వింది చెప్పినావు కదా. అది కూడా నువ్వు అల్లిందేనా?”

నా పక్కన తస్బీ పూసల చప్పుడు ఆగిపోయింది. అఖ్తర్ బీ నన్ను చూడడం లేదు. నేలను చూస్తోంది. చెవులు మాత్రం నా దగ్గరే ఉన్నాయి.

పావని ఎదురుచూస్తోంది. ప్రవీణ్ ఎదురుచూస్తున్నాడు.

“అది అల్లింది కాదు పాపా” అన్నాను. “నవ్వింది. నిన్ను చూసి నవ్వింది. ఎంత తొందరే నీకు అనింది.”

పిల్ల గట్టిగా ఊపిరి పీల్చుకుంది. దగ్గు వచ్చింది. దగ్గు తగ్గాక కళ్లు మూసుకుని, “సరేలే. డేగిసా పోతే పోనీ” అంది.

పూసలు మళ్లీ కదిలాయి.

పావని ఆఖర్న ఒక వాక్యం కలిపింది. తల్లి శిశువును చూచి నవ్వినది, ఇది వాస్తవము. నేను సంతకం పెట్టాను. చెయ్యి వణకలేదు. నా చెయ్యి అబద్ధానికి ఎప్పుడూ వణకదు.

“ఇప్పటికి గుంతకు తాళం వేయిస్తాను” అంది పావని, కాగితాలు సర్దుకుంటూ. “కానీ తాతగారూ, మీ మాట ఒక్కటే చాలదు. మొదట ఒకటి చెప్పి ఇప్పుడు ఇంకొకటి చెబుతున్నారు కదా. కాన్పు చేసినవాళ్లు ఎవరైనా బతికి ఉన్నారా?”

“ఉండాది. ఖాజాబీ. నర్సమ్మ. రిటైరై మైలవరంలో ఉండాది.”

“ఆమె దగ్గర రాత ఏదైనా ఉంటుందా?”

ఉంటుంది. సబ్ సెంటర్ పాత గది పడగొట్టినప్పుడు పుస్తకాలన్నీ పోయాయి కానీ, ఖాజాబీకి తన సొంత నోటుబుక్కు ఒకటుంది. చేసిన ప్రతి కాన్పూ అందులో రాసుకుంది. తేదీ, వేళ, బిడ్డ ఎలా ఉంది, తల్లి ఎలా ఉంది. ముప్పై ఏళ్లు ఒక్కటి వదలకుండా.

“అయితే పదిహేను రోజులకు వాయిదా వేస్తాను. ఆమెను ఇక్కడికే పిలిపిద్దాం. అమ్మాయిని కదిలించలేం కదా, ఈ మంచం దగ్గరే అడుగుతాను. రెండు పక్షాలూ ఉండాలి.” ప్రవీణ్ అప్పటికే ఫోనులో ఆ పేరు రాసుకుంటున్నాడు. “ఆమె మాట, తాతగారి మాట కలిస్తే ఇక ఈ సర్టిఫికెట్ నిలవదు. గుంత మళ్లీ తెరుచుకోదు. కలవకపోతే మాత్రం నా చేతిలో ఏమీ ఉండదు.”

ఆర్షియా కళ్లు తెరిచింది. పొద్దుటి నుంచి నేను చూడని వెలుగు ఆ మొహంలో కనిపించింది.

“ఆ నర్సమ్మ మా అమ్మను చూసింది కదా తాతా? అయితే నేనడుగుతా. అమ్మ ఎట్ల నవ్వెనో. పండ్లు కనపడేటట్ల నవ్వెనా, నోరు మూసుకోని నవ్వెనా. నీకు అట్లాంటివి సరిగ్గా చెప్పేకి రాదు.”

“అడుగు పాపా” అన్నాను.

ఈ వారానికి ఇక్కడ ఆపుతాను. ఆపేముందు, నేను అల్లిన ముక్క ఏదో మీకైనా చెప్పాలి. పత్రికలో వచ్చిన కథను ప్రవీణ్ సాక్ష్యంగా పెట్టలేడులే.

సకీనా నవ్వలేదు. సబ్ సెంటర్ గుమ్మం దగ్గర నిలబడి నేను చూశాను. ఖాజాబీ బిడ్డను తుడిచి, గుడ్డలో చుట్టి, సకీనా చెంప పక్కన పెట్టింది. “సకీనా, ఇటు చూడమ్మా, కూతురు” అంది. కళ్లు తెరవలేదు. ఖాజాబీ బిడ్డను తీసి రెండో చెంప పక్కన పెట్టింది, అటువైపైతే చూస్తుందేమో అన్నట్టు. తర్వాత బిడ్డను నా చేతికిచ్చి, గోడ వైపు తిరిగి నిలబడింది.

పదకొండు రోజులకు అఖ్తర్ బీ కువైట్ నుంచి దిగింది. పెట్టెలో చంటిబిడ్డ గౌను ఒకటి, గులాబీ రంగుది. ఆమె నన్ను అడిగింది ఒక్కటే. “నా బిడ్డ తన బిడ్డను చూసిందా అన్నా?” ఆమె మొహం చూసి, “చూసింది” అన్నాను. చూసింది, నవ్వింది, ఎంత తొందరే నీకు అనింది. డేగిసా ఎన్నో ఏళ్ల తర్వాత వచ్చింది. వరద దాని వెనక వచ్చింది. మొదట పుట్టింది ఆ నవ్వే. మిగతాదంతా దాని చుట్టూ అల్లుకుంటూ పోయాను.

రేపు మొదటి బస్సుకు మైలవరం పోతున్నాను. ఖాజాబీ ముందు కూర్చుని ఏం అడగాలో నాకింకా తెలియదు. ఆ నోటుబుక్కు తెరిస్తే ఆర్షియాకు పదమూడేళ్లని తేలుతుంది. అదే వరుసలో, పక్కనే, తల్లి ఎలా ఉందో కూడా ఉంటుంది. ఆమె నిజం చెబితే ప్రవీణ్ నా వాంగ్మూలం చింపేస్తాడు, పిల్ల మంచం మీద పడుకుని అంతా వింటుంది. అబద్ధం చెప్పమని అడుగుదామంటే, ఖాజాబీ అబద్ధం ఆడగా నేను నా జీవితంలో వినలేదు.

ఒక మనవి ఉంది, ప్రొద్దుటూరు వాళ్లకు. ఆ పిల్లకు చదవడం నేర్పింది నేనే. డబ్బా మీది సన్న అక్షరాలు కూడా విడవదు. ఈ వారం పత్రిక ఆ వార్డులోకి ఎవరూ తీసుకుపోకండి.